పండ్ల చెట్ల పేర్లు: గోస్తనీ ఒడ్డు నుంచి ఒక పరిశీలన
(స్మారకోపన్యాస పాఠం, తగరపువలస)

1. చెట్టు, కాయ, పండు

తెలుగులో పండ్ల చెట్టు పేరు ఒంటరిగా నిలబడదు. మామిడి అంటే సగం మాటే. మామిడి చెట్టా, మామిడికాయా, మామిడిపండా అన్నది తేలితే గాని మాట పూర్తి కాదు. మొదటి పదం చెట్టు జాతిని చెబుతుంది. పక్కన చేరే పదం అది ఏ దశలో ఉందో, ఎందుకు పనికొస్తుందో చెబుతుంది. మామిడికాయ పప్పులోకి, పచ్చడిలోకి. మామిడిపండు భోజనం చివర పెరుగన్నంలోకి. చింతకాయ తొక్కుకి, చింతపండు పులుసుకి.

కాయ, పండు అన్న రెండు మాటలూ ద్రావిడ భాషల ఉమ్మడి ఆస్తి. తమిళంలో కాయ్, పళం. కన్నడంలో కాయి, హణ్ణు. తెలుగులో రెండింటికీ వెనుక క్రియలు సజీవంగా ఉన్నాయి. చెట్టు కాస్తుంది కనుక కాయ, కాపు. చేను పండుతుంది కనుక పండు, పంట. అంటే ఈ పేర్లు ముందుగా చెట్టు చేసే పనిని చెప్పాయి, తరవాతే వస్తువును చెప్పాయి.

అన్ని చెట్లకూ రెండు దశల పేర్లూ సమానంగా వాడుకలో లేవు. నిమ్మకాయ పచ్చగా పండి మెత్తబడినా బజారులో నిమ్మకాయే. దాన్ని కొనేది పులుపు కోసం కనుక పండిందా లేదా అన్నది పెద్దగా పట్టదు. ఉసిరికాయ, కొబ్బరికాయ సంగతీ అంతే. జామను దోరగా ఉన్నప్పుడు కొరికి తినడం చాలామందికి ఇష్టం. అందుకే పండిన బుట్టను కూడా జామకాయలనే అమ్ముతారు. దీనికి ఎదురుగా రేగు, నేరేడు, ఈత ఉన్నాయి. పచ్చివి నోట పెట్టలేనంత వగరు. అందుకని జనం నోట రేగుపండు, నేరేడుపండు, ఈతపండు అన్న మాటలే ఎక్కువ వినిపిస్తాయి. పేరు చివర కాయ ఉండాలా పండు ఉండాలా అన్నది చెట్టు తేల్చలేదు, వంటిల్లు తేల్చింది.

కాయకూ పండుకూ మధ్య, వెనుక మరికొన్ని మెట్లున్నాయి. మామిడినే తీసుకుంటే ముందు పూత, తరవాత పిందె, కసుగాయ, కాయ, దోరకాయ, చివరికి పండు. లోపలి విత్తుకీ దశల పేర్లున్నాయి. లేత కాయలో తెల్లగా, మెత్తగా కత్తికి తెగేది జీడి. అదే ముదిరి గట్టి పెంకు కట్టుకుంటే టెంక. ఆవకాయకు టెంక కట్టిన కాయ కావాలి. ముక్కకు పెంకు అంటుకుని ఉంటేనే ఏడాది పొడుగునా మెత్తబడకుండా నిలుస్తుంది. గాలికి రాలిన కాయ రాలుగాయ, ఊరబెట్టినది ఊరగాయ. సమాసంలో రెండో పదం మొదటి ‘క’ ‘గ’గా మారడం వ్యాకరణంలోని గసడదవాదేశం. అల్లరి పిల్లవాడిని రాలుగాయి అనడం కూడా తెలుగిళ్ళలో మామూలే. ముక్కలుగా కోసి ఎండబెడితే ఒరుగు. పండు రసాన్ని చాప మీద పొర ఎండాక పొర పోస్తూ ఆరబెడితే తాండ్ర. విజయనగరం జిల్లా లక్కవరపుకోట మండలంలోని భీమాలికి తాండ్ర వల్లనే పేరొచ్చింది.

విత్తనానికి ఉత్తరాంధ్ర మాట పిక్క. చింతపిక్క, పనసపిక్క, రేగుపిక్క అంటారు. పలాస ప్రాంతంలో పెంకు తీయని జీడిమామిడి గింజలు జీడిపిక్కలు.

2. ఒక చెట్టు, పది పేర్లు: తాడి

ఒక చెట్టు జనజీవనంలో ఎంత లోతుగా పాతుకుందో దాని భాగాలకున్న పేర్లను లెక్కపెడితే తెలుస్తుంది. తీర ప్రాంతంలో ఈ లెక్కలో తాడికి సాటి వచ్చేవి కొబ్బరి, అరటి మాత్రమే.

తాడి అన్నది మూలరూపం. వేరే పదం పక్కన చేరితే అది తాటి అవుతుంది: తాటికాయ, తాటిపండు, తాటిబెల్లం. ఇల్లు ‘ఇంటి’ అయినట్టు, ఏరు ‘ఏటి’ అయినట్టు ఇదీ ఔపవిభక్తిక రూపం. బహువచనంలో తాళ్ళు. ఊళ్ళ పేర్లలో ఈ మూడు రూపాలూ కనిపిస్తాయి.

లేత కాయను చెక్కితే సాధారణంగా మూడు కన్నులు, ఒక్కో కన్నులో ఒక ముంజ. ముంజ అంటే ఇంకా గట్టిపడని గింజ. దాని నడుమ గుక్కెడు తియ్యటి నీరుంటుంది. నాలుగు రోజులు ఆలస్యమైతే ఆ ముంజే ముదిరి తినడానికి పనికిరాదు. వేసవిలో తగరపువలస దగ్గర జాతీయ రహదారి పక్కన అమ్మేవాళ్ళు గెలలు పోసుకుని, అడిగినవాళ్ళకు అప్పటికప్పుడు కాయ కొట్టి ఇచ్చేది ఇందుకే. కోయకుండా వదిలితే కాయ నల్లగా పండి తనంతట తానే రాలుతుంది. నారింజ రంగు గుజ్జును పీచునుంచి పిండి తీసి రొట్టె, తాండ్ర చేస్తారు. మిగిలిన టెంకలను మట్టిలో పాతర వేస్తే మొలక నేలలోకి దిగి పిండి పట్టి తేగ అవుతుంది. తేగను కాల్చో ఉడకబెట్టో తింటారు. తేగ తీశాక టెంకను పగలగొడితే లోపల దూదిలా తెల్లగా, తియ్యగా ఉండేది బుర్రగుంజు. ముంజ, పండు, తేగ, బుర్రగుంజు నాలుగూ ఒకే గింజ చుట్టూ, ఒకే ఏడాదిలో నడిచే దశలు. నాలుగింటికీ వేరువేరు మాటలే తప్ప ‘లేత తాటిగింజ’, ‘మొలిచిన తాటిగింజ’ లాంటి వర్ణనలు తెలుగుకు అవసరపడలేదు.

అరటిదీ ఇదే వరస. గెల, అత్తం, పండు. ఆకు, దొప్ప, దూట, పువ్వు, పిలక. వృక్షశాస్త్రం లెక్కలో అరటి చెట్టు కాదు, మాను లేని పెద్ద గుల్మం. తాడీ, కొబ్బరీ కూడా కొమ్మలేసే చెట్ల కుదురుకు చెందవు. తెలుగు వాడుకకు ఆ పట్టింపు లేదు. మనిషిని మించి ఎదిగి కాపు కాసినదల్లా చెట్టే.

3. సంస్కృతం తెచ్చిన రెండో పేరు

ఇంట్లో వాడే పేరు ఒకటి, పూజలోనూ కావ్యంలోనూ వాడేది మరొకటి. మామిడి ఆమ్రం, చూతం, రసాలం, సహకారం. అరటి కదళి, రంభ. నేరేడు జంబువు. మారేడు బిల్వం. ఉసిరి ఆమలకం, ధాత్రి. రేగు బదరి. మేడి ఉదుంబరం. కొబ్బరి నారికేళం. పనస మాత్రం సంస్కృతంలోనూ పనసమే. అమరకోశం రెండో కాండలోని వనౌషధివర్గం ఇలాంటి పర్యాయపదాలను గుదిగుచ్చింది. తెలుగు దేశంలో పాతకాలపు చదువు దాన్ని వల్లె వేయడంతో మొదలయ్యేది కనుక ఈ రెండో వరస పేర్లు పండితుల నుంచి పురాణ శ్రోతల దాకా చేరాయి. పర్యాయపదాలన్నీ ఒకటే అర్థం కూడా కావు. మామిడిలో మిక్కిలి పరిమళం ఉన్నదాన్నే సహకారమని అమరుడు వేరు చేశాడు.

సంస్కృత నామాల్లో కొన్ని చెట్టు తీరును పట్టిస్తాయి. వెలగకు కపిత్థమని పేరు. కపులు నిలిచే చెట్టని అర్థం చెబుతారు. జంబూద్వీపం అన్న పేరులో నేరేడుంది. బదరీనాథ్‌లో రేగుంది.

దేశి పేరు, సంస్కృత నామం పక్కపక్కనే బతికినా పనులు పంచుకున్నాయి. శివుడికి పెట్టేది బిల్వపత్రం; అడవిలో కనిపించేది మారేడు చెట్టు. కార్తికంలో వనభోజనం చేసేది ఉసిరి చెట్టు కింద. సంకల్పంలో వినిపించేది ధాత్రీ వృక్షం. భోగినాడు పిల్లల తలమీద పోసేవి రేగుపళ్ళే అయినా ఆ ఒక్క రోజూ వాటి పేరు భోగిపళ్ళు.

మేడి విషయం కొంచెం వేరు. పైకి మేలిమిగా కనిపించి లోపల పురుగులుండే పండుగా అది సామెతకెక్కింది. ఆ పురుగులు కుళ్ళు వల్ల పుట్టినవి కావు. మేడి, అత్తి, మర్రి, రావి జాతుల్లో పూలు కాయ లోపలే దాగి ఉంటాయి. సన్నని కందిరీగ జాతి కీటకం కాయ కొసనున్న రంధ్రం గుండా లోపలికి దూరి, గుడ్లు పెడుతూ పుప్పొడి చేరవేస్తుంది. ఆ కీటకం లేకపోతే మేడిలో గింజ కట్టదు. సామెత తప్పు పట్టిన పురుగే చెట్టుకు ప్రాణాధారం.

4. సముద్రం మీద వచ్చిన పండ్లు

ఈనాడు తెలుగువాళ్ళు మనవనుకునే పండ్లలో చాలా భాగం అమెరికా ఖండాల ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చినవి. జామ, సీతాఫలం, రామాఫలం, బొప్పాయి, అనాస, సపోటా, జీడిమామిడి, సీమచింత అన్నీ ఆ కోవలోవే. 1498లో పోర్చుగీసువారు మలబారు తీరం చేరాక మొదలైన ఓడ వర్తకం వీటి రాకకు దారి తీసింది. కొత్త పండు వచ్చినప్పుడు భాష ముందు రెండు దారులుంటాయి. వచ్చిన పేరునే నోటికి అనువుగా మార్చుకోవడం ఒకటి. ఉన్న పేర్లలోంచి కొత్త పేరు కట్టడం రెండోది. తెలుగు రెండూ చేసింది.

మొదటి దారిలో వచ్చినవి అనాస, సపోటా. అనాస బ్రెజిల్ టూపీ జాతుల మాట; పోర్చుగీసు అననాస్ నుంచి వచ్చింది. మలయాళం దానికి కైతచక్క, అంటే మొగలి పనస అని సొంత పేరు కట్టుకుంది. సపోటా మెక్సికోలోని నహువా భాష మాటకు స్పానిషు రూపం.

రెండో దారిలో పుట్టిన పేర్లే ఎక్కువ ఆసక్తికరమైనవి. జీడిమామిడిని పోర్చుగీసువారు కాజు అన్నారు. అదీ టూపీ మాటే. తెలుగువాళ్ళకు అప్పటికే నల్లజీడి చెట్టు తెలుసు. చాకళ్ళు బట్టల మీద గుర్తులు పెట్టే ఆ గింజ రసం చర్మానికి తగిలితే పొక్కుతుంది. కొత్త చెట్టు పిక్కలోనూ అలాంటి రసమే కనిపించింది. ఆకూ, పూత గుత్తీ, వాసనా మామిడిని తలపించాయి. రెండూ కలిపి జీడిమామిడి అన్నారు. ముంతలా ఉబ్బిన పండును చూసినవాళ్ళు ముంతమామిడి అన్నారు. వృక్షశాస్త్రం ఈ మూడు చెట్లనూ, అంటే మామిడి, నల్లజీడి, జీడిమామిడిని, అనకార్డియేసీ అనే ఒకే కుటుంబంలో పెట్టింది. అడవిమామిడి అనే అంబాళమూ, సారపప్పు చెట్టూ అందులోవే. పువ్వు కోసి భూతద్దంలో చూడకుండానే పేరు పెట్టినవాళ్ళు చుట్టరికం పట్టేశారు.

జామ కథా ఇలాంటిదే. సంస్కృత జంబువు నేరేడు. హిందీలో జామున్ నేరేడే; గుజరాతీలో జామ్‌ఫళ్ మాత్రం అమెరికా నుంచి వచ్చిన జామపండు. తెలుగు జామ, కోస్తా వాడుకలోని జాంకాయ ఈ పేర్ల వరసలోవే. పాత పండు పేరు కొత్త పండుకు బదిలీ అయింది. నేరేడు, జామ రెండూ మిర్టేసీ కుటుంబంలోవి. సీమచింతకు మెట్ట కంచె మీద వంకర తిరిగిన కాయను చూసి చింత పేరు పెట్టారు. అది చిక్కుడు, తుమ్మ, చింత ఉన్న కుటుంబంలోదే.

సీతాఫలం, రామాఫలం, లక్ష్మణఫలం మూడూ అన్నోనా ప్రజాతి చెట్లు. బయటి నుంచి వచ్చిన ఒకే కుదురు పండ్లను జనం ఒకే కథలోని ముగ్గురికి పంచారు. సీతాఫలంలోని సీతను రామాయణంలో సీతగానూ, చలువ అనే అర్థమున్న ‘శీత’గానూ చెప్పుకోవడం ఉంది; పక్కన రాముడూ లక్ష్మణుడూ ఉండడం మొదటిదానికే బలం. పేరులోనే ఫలం ఉన్నా వాడుక ఊరుకోలేదు. సీతాఫలం పండు, సీతాఫలం కాయ అంటూ దశను మళ్ళీ చెబుతుంది.

నారింజ కుటుంబం పేర్లు ఓడరేవుల పటం. సాత్‌గుడి జాతి తియ్య నారింజ కోస్తాలోనూ తెలంగాణలోనూ బత్తాయి, రాయలసీమలో చీనీ, హిందీ ప్రభావమున్న నోళ్ళలో మోసంబి. బత్తాయిలో బటావియా, చీనీలో చైనా, మోసంబిలో మొజాంబిక్ ఉన్నాయని చెబుతారు. బటావియా ఇప్పటి జకార్తా. 1619 నుంచి డచ్చి తూర్పిండియా కంపెనీకి ఆసియాలో రాజధాని. తగరపువలసకు పక్కనే ఉన్న భీమునిపట్నంలో డచ్చివారు 17వ శతాబ్దంలో వర్తక స్థావరం పెట్టారు. 1825లో అది ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. డచ్చివారి సమాధుల తోట ఇప్పటికీ ఉంది. పంపరపనసలోని పంపర కూడా డచ్చి ‘పాంపెల్‌మూస్’ నుంచి వచ్చిందని భావిస్తారు. తమిళంలో అదే పంబళిమాసు. దానికి పనస తోడవడం మాత్రం పరిమాణం చూసి జరిగిన పని. పంపరపనస నిమ్మ, దబ్బలకు చుట్టం. పనసకు ఏమీ కాదు.

ఇక్కడి నుంచి బయటికి వెళ్ళిన పేర్లూ ఉన్నాయి. తమిళ, మలయాళాల మాంగాయ్, మాంగ పోర్చుగీసు మంగ అయి, ఇంగ్లీషు మ్యాంగో అయింది. చక్క పోర్చుగీసు జాక, ఇంగ్లీషు జాక్ అయింది. నారంగం పారశీక, అరబ్బీ భాషల మీదుగా స్పెయిన్ చేరి నరంజ, అక్కడి నుంచి మొదటి అక్షరం రాల్చుకుని ఆరెంజ్ అయింది. చింతకు అరబ్బులు పెట్టిన పేరు తమర్ హిందీ, అంటే హిందూ దేశపు ఖర్జూరం. అదే ఇంగ్లీషులో టామరిండ్. చింతకు పుట్టిల్లు ఆఫ్రికా అని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. తెలుగు చింతకు ఆ సంగతి పట్టలేదు. ఎప్పుడో ఇక్కడికి చేరి దేశి చెట్టయిపోయింది.

5. ముందు చేరే మాటలు

ఒక జాతి పేరు ముందు చిన్న మాట చేర్చి దగ్గర జాతులకు పేర్లు పెట్టడం తెలుగు పద్ధతి. సీమ అంటే దూరదేశం నుంచి వచ్చినది. రాచ అంటే మేలైనది. అడవి, కొండ అంటే పెంచకుండా పెరిగేది. చిట్టి అంటే పొట్టిది. నేల అంటే పాదు దాటి లేవనిది.

వీటి పనితనానికి ఉసిరి మంచి ఉదాహరణ. ఉసిరి పెద్ద చెట్టు. రాచ ఉసిరి ఇళ్ళ పెరళ్ళలో పెరిగే చిన్న చెట్టు. కొమ్మలకు గుత్తులుగా గాడులున్న పులుపు కాయలు కాస్తుంది. నేల ఉసిరి వానాకాలంలో గోడల పక్కన జానెడెత్తు లేచే కలుపు మొక్క. చెట్టుకూ కలుపుకూ ఒకే పేరేమిటని అనిపించవచ్చు. నేల ఉసిరి రెమ్మను తిరగేసి చూస్తే సందేహం తీరుతుంది. ఈకలా రెండు వైపులా అమరిన సన్నటి ఆకులు, ప్రతి ఆకు మొదట్లో ఆవగింజంత ఆకుపచ్చ కాయ, ఆ కాయ మీద ఉసిరికాయకు ఉన్నట్టే తొనల గీతలు. శాస్త్రజ్ఞులు ఈ మూడింటినీ ఫిల్లాంథస్ అనే ఒకే ప్రజాతిలో ఉంచారు.

ఈత, చిట్టి ఈత, ఖర్జూరం ఫీనిక్స్ ప్రజాతిలో అక్కచెల్లెళ్ళు. అల్లనేరేడు, జంబునేరేడు సిజీజియం ప్రజాతిలోవి. పోలికను పైపైన తీసుకుని కట్టిన పేర్లూ లేకపోలేదు. నేలతాడి ఆకు తాటి మొలక ఆకులా ఉంటుంది. అంతకు మించి తాడితో దానికి సంబంధం లేదు. దానిమ్మ పేరు చివర నిమ్మ వినిపించినా అది సంస్కృత దాడిమానికి సంబంధించిన పదం. నిమ్మ జాతి కాదు. మొత్తం మీద కాయను, పూతను చూసి పెట్టిన పేర్లు శాస్త్రానికి నిలిచాయి. ఆకునో పరిమాణాన్నో చూసి పెట్టినవి పక్కదారి పట్టాయి.

6. రకాల పేర్లు

జాతి పేరు అందరిదీ. రకం పేరు తోటదీ, అంగడిదీ. మామిడిలో తెలుగువాళ్ళు ముందు రెండు తెగలు చేస్తారు. కోసి ముక్కలు తినేది కోత మామిడి. మెత్తగా పిసికి పీల్చేది రసం. చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం, పంచదార కలశ రెండో తెగలోవి. బంగినపల్లి మొదటి తెగకు పెద్ద. నంద్యాల జిల్లా బనగానపల్లె దాని పుట్టినూరు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికే బేనీషాన్ అని మరో పేరు. ఉర్దూలో ‘బే’ అంటే లేని, ‘నిషాన్’ అంటే మచ్చ. తొక్క మీద మచ్చ లేకపోవడమే పేరుకు కారణం. తోతాపురి కొస చిలక ముక్కులా ఉంటుంది. కోస్తాలో దాన్నే కలెక్టర్ కాయ అంటారు. కొత్తపల్లి కొబ్బరి పేరులో ఊరూ, రుచీ రెండూ ఉన్నాయి.

విశాఖ, విజయనగరం జిల్లాల సొంత రకం సువర్ణరేఖ. ముందుగా పండే రకాల్లో ఒకటి. తొడిమ దగ్గర భుజాల మీద ఎర్రని జిలుగు, కింద పసుపు. ఒడిశాలోనూ, ఉత్తరాది మార్కెట్లలోనూ అదే సుందరి, లాల్ సుందరి. ఊరి పేరు గానీ, మనిషి పేరు గానీ లేకుండా రంగును మాత్రమే చెప్పే పేరు ఇది.

అరటిలో చక్కెరకేళి, అమృతపాణి, కర్పూర చక్కెరకేళి, బొంత. కేళి సంస్కృత కదళికి ప్రాకృతం మీదుగా వచ్చిన రూపం; హిందీ కేలా దాని తోబుట్టువు. చక్కెరకేళి అంటే చక్కెర అరటి. మాట మూలం మరిచిపోయాక దాన్ని చక్రకేళి అని రాయడం మొదలైంది. బొంత కూరకు తప్ప పండుగా పనికిరాదు కనుక దాన్ని బొంత అరటికాయ అనే అంటారు.

పండుతో పాటు చెక్కకూ పేరు తెచ్చుకున్నది పనస. దానికి మామిడిలా రకాల జాబితా లేదు, భాగాల పేర్లున్నాయి. లేత కాయను కత్తితో సన్నగా కొట్టినది పొట్టు, పండులోని ఒక్కో అర తొన, లోపలిది పిక్క. మానును తొలిచి ఒకే దుంగతో చేసిన బొబ్బిలి వీణను ఏకాండి వీణ అంటారు.

7. పేర్లను రాసిపెట్టినవారు

చెట్ల తెలుగు పేర్లను శాస్త్రనామాలతో జతచేసి అచ్చు వేసినవారిలో ముందు చెప్పవలసినది విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా 1780లలో సామర్లకోటలో ఉండి, అక్కడ తోట పెంచి, స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. 1793లో కలకత్తా వృక్షశాస్త్ర వనానికి అధికారిగా వెళ్ళాడు. కోరమండల్ తీరపు మొక్కల మీద ఆయన గ్రంథం 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా లండన్‌లో వెలువడింది. అందులో అనేక మొక్కలకు తెలుగు పేరు ఇంగ్లీషు లిపిలో ఉంది. 1852లో వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు చాలా చెట్ల పేర్లకు లాటిన్ నామాలు చూపింది.

రైతుల, వృత్తులవారి మాటలను ఊరూరా తిరిగి సేకరించే పని భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మొదలైంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ‘మాండలిక వృత్తి పదకోశం’ మొదటి సంపుటం, వ్యవసాయ పదాలు, 1962లో ప్రచురించింది. ఒకే వస్తువుకు జిల్లా జిల్లాకూ మారే మాటలు అందులో పక్కపక్కనే కనిపిస్తాయి. పండ్ల పేర్లలో ఈ తేడాకు తేలికైన ఉదాహరణలు రెండు. కోస్తాలో కొబ్బరికాయ రాయలసీమలో టెంకాయ. దాని తమిళ రూపం తేంగాయ్‌కి దక్షిణపు కాయ అని అర్థం చెబుతారు. కోస్తాలో బొప్పాయి, బొప్పాస అన్నదే మరికొన్ని చోట్ల పరంగి; పరంగి అంటే ఫిరంగి, అంటే ఐరోపావాడు.

8. ఊళ్ళ పేర్లలో పండ్ల చెట్లు

చెట్టు కొట్టేసినా పేరు మిగిలే చోటు ఊరు. ఉత్తరాంధ్రలో ఊరి పేర్ల చివర తరచు వచ్చే మాట వలస. వేరే చోటు నుంచి వచ్చి కట్టుకున్న ఊరు. తగరపువలస, చిట్టివలస ఈ తరహావి. వలస ముందు చెట్టు పేరు చేరినవీ చాలా ఉన్నాయి. భీమునిపట్నం మండలంలో నేరెళ్ళవలస, తాళ్ళవలస. విజయనగరం పక్కన చింతలవలస. టెక్కలి దగ్గర రావివలస. నేరేడు బహువచనం నేరేళ్ళు, తాడి బహువచనం తాళ్ళు అన్న వ్యాకరణం ఈ పేర్లలో అలాగే నిలిచి ఉంది. మాట పొందికను బట్టి అక్కడ కనిపించినది ఒక చెట్టు కాదు, తోపు.

అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా వచ్చి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలిసే గోస్తనీ వెంట తాడికి ఔపవిభక్తిక రూపమైన తాటి కనిపిస్తుంది. ఎగువన జలాశయం ఉన్న తాటిపూడి, దిగువన తాటితూరు. ఆనందపురం మండలంలో మామిడిలోవ. లోవ అంటే కొండల నడుమ పల్లం. విశాఖ నగరంలో కొబ్బరితోట, తాటిచెట్లపాలెం, మర్రిపాలెం, చింతలగ్రహారం ఇప్పుడు ఇళ్ళతో, అంగళ్ళతో నిండిన పేటలు. ఇంకొంచెం దూరం వెళితే మారేడుమిల్లి, మామిడికుదురు, నిమ్మకూరు, రాష్ట్ర సచివాలయం ఉన్న వెలగపూడి.

ఈ జాబితాలో ఒక సంగతి గమనించదగింది. తాడి, చింత, నేరేడు, మామిడి, వెలగ, మారేడు, కొబ్బరి, నిమ్మ ఊళ్ళ పేర్లకెక్కాయి. జామ, బొప్పాయి, సపోటా, అనాస, జీడిమామిడి ఇక్కడ చెప్పిన ఊళ్ళలో దేనికీ ఎక్కలేదు. ఎర్ర నేలల్లో ఎకరాలకెకరాలు జీడితోటలున్న తీరంలో కూడా పాత ఊళ్ళు తాడి పేరుతో, నేరేడు పేరుతో ఉన్నాయి. ఓడల మీద పండ్లు దిగేనాటికే ఈ ఊళ్ళకు పేర్లు కుదిరి ఉండాలి. ఆలస్యంగా వచ్చిన చెట్లకు వంటింట్లో, బజారులో, పెరట్లో పేరు దొరికింది. ఊరు కట్టుకునే చోట గుర్తుగా నిలిచింది అంతకు ముందున్న చెట్టే.